రెండు తాటిచెట్ల నడుమ ముచ్చట

కొంరెల్లి గౌడు తాటిచెట్టు ఎక్కిండంటే పొద్దు ఆయన మోకాలి కాడ పొడిచేదంట. నవ్వకున్రి. ఆ చెట్లు ఎంత పొడుగంటే, మబ్బులు వాటి మట్టలకు చిక్కి చినిగి కింద వానయ్యేటియి. నా నోట అబద్ధం పుట్టాలంటే ఇంకా ఏడు జన్మలు పడతది, ఎవల్నన్న అడుగున్రి. అయితే ఏమైందంటే, కొంరెల్లి చెట్టుకు ఎదురుంగ రాజలింగం చెట్టు. తెల్లారి ఇద్దరు చెరొకటి ఎక్కి, కల్లు గీసుకుంట, ఈ కొన నుంచి ఆ కొనకు కేకేసి మాట్లాడుకునేటోళ్లు. "ఏం బావా, అక్క రాత్రి అన్నం బెట్టిందా, తరిమిందా?" అంటడు రాజలింగం. "నీ అక్కనే గద, చెయ్యి కడుక్కునేదాంక ఆగి తరిమింది" అంటడు ఈయన. దిగినంక ఎవని దారి వానిదే. కొంరెల్లికి లోకంల ఉన్న సోపతంతా ఆ చెట్టు కొనమీదనే అనుకో.

ఒక చలికాలం కొంరెల్లికి సర్ది పట్టింది. ఒక్క దగ్గు దగ్గితే ఇంటి పెంకులు లేచి పక్కింటి మీద కూసునేటియి. సరే, జ్వరం పోయింది, దగ్గు పోయింది, తల తిరుగుడు మాత్రం పోలే. లేస్తే ఇల్లు తిరుగుతది, పండుకుంటే మంచం తిరుగుతది, మెడ ఎత్తి పైకి జూస్తే ఆకాశమంతా ఇసుర్రాయి లెక్క తిరుగుతదంట. వైద్యుడు నాడి పట్టి, సర్ది చెవులకు దిగింది, అదే పోతది, అందాంక చెట్టెక్కకు అన్నడు. ఎప్పటికి పోతదయ్యా అంటే గడ్డం గోక్కున్నడంట. పెండ్లాం లస్మవ్వ, "ఒళ్లు కాలుతలేదు, దగ్గు లేదు, గంపెడు తింటున్నవు. ఇగ రోగమేడుంది?" అన్నది. బజార్ల గోడ పట్టుకొని నడుస్తుంటే ఊరోళ్లు జూసి, కొంరెల్లి తన కల్లు తనే తాగబట్టిండని నవ్విన్రు. ఆయనేమో చుక్క ముట్టని మనిషి. తల లోపల తిరిగేదాన్ని తీసి ఎవలకు జూపిస్తడు?

చెట్టు మనిషి కోసం ఆగదు గద. పూట పూట గీయకుంటే గెల ఎండిపోతది. గౌండ్లోళ్ల కట్టు ఏందంటే, ఒకని చెట్టు ఇంకొకడు ముట్టొద్దు. ముట్టాలంటే ఆ మనిషే తను ఎక్కే మోకుతాడు తీసి చేతికియ్యాలె. కొంరెల్లి ఒక పొద్దు మొండికేసి ఎక్కబోతే, చెట్టు గిర్రున తిప్పి కింద కూలేసింది. ఇగ తప్పక తమ్ముడు నర్సయ్యకు మోకిచ్చిండు. ఇస్తుంటే అది ఏనుగంత బరువయ్యిందంట. అయినా రోజూ పోయి ఆ చెట్టు మొదట్ల కూసునేటోడు. పైన నర్సయ్య, రాజలింగం నవ్వుతుంటరు. మాట కిందికి రాదు, నవ్వొక్కటే వస్తది. దేనికి నవ్విన్రో అని తల ఎత్తబోతే లోకం తిరుగుతది. నేల మీదికి జూసుకుంట, ఆ నవ్వు ఆగేదాంక కూసుంటడు.

అట్లుండంగ ఒకనాడు పైన నవ్వు ఆగింది, మోకు గీసుకుంట దిగే చప్పుడైంది. రాజలింగం వచ్చి పక్కన కూసున్నడు. "మంచిగున్నవా బావా?" "ఉన్న." అంతే. ఇన్నేండ్ల సోపతిల ఇంత దగ్గర ఎన్నడు మాట్లాడిన్రు గనుక? కొత్త చుట్టాల లెక్క ఒకరి కాళ్లు ఒకరు జూసుకున్నరంట. ఇగ రాజలింగం ఏమనుకున్నడో, లేచి తన చెట్టు మొదలు కాడికి పోయిండు, చేతులు నోటికి అడ్డం బెట్టి ఆమడ దూరం వినబడేటట్టు కేకేసిండు. "బావా, తిరిగేది నీ తలనా, నీ బుద్దినా?"

కొంరెల్లి నేల మీద నుంచి చూపు తియ్యకుంటనే అరిచిండు. "రెండూ తిరుగుతున్నయి బామ్మర్దీ. నువ్వు జంటగ కనబడుతున్నవు. ఒక్కన్నే భరించలేక సచ్చేటోన్ని."

నేల మీద ఎదురెదురుంగ ఉండి గూడ కేకలేసుకునే ఇద్దరిని ఊరోళ్లు ఆగి జూసి, సర్ది అంటుకుంటదని తెలుసు గని, తల తిరుగుడు గూడ అంటుకుంటదా అనుకున్నరంట. పోయిందా లేదా అని నన్నడగకున్రి. మబ్బుల్ని మట్టలకు తగిలించినోన్ని నేను, ఆ తిరుగుడును ఆపి జెప్పుడు మాత్రం నాతోని గాలే.