ఆకు దూసిన మల్లె

మందస దగ్గర ఒక ఇంటి పెరడు. పొద్దున పలాసలో డయాలసిస్ చేయించుకొని వచ్చిన పెద్దకోడలు మల్లెపొద ముందు కత్తెర పట్టుకుని కూర్చుంది. చిన్నకోడలు పరుగున వచ్చింది.

“ఏటక్కా, సెట్టునిలా మోడు సేసీసినావు? ఒక్క ఆకు నేదు!”

“ఆకు దూసి కొమ్మలు కత్తిరిత్తేనే వేసవికి పూత్తాది.”

“ఇన్నాళ్లూ నీళ్లు కూడా పొయ్యనీనేదు. సంపేత్తావేటి దాన్ని?”

“నీళ్లు ఆపితేనే మల్లెకి మొగ్గ కడతాది. నాకూ రోజుకి రెండు గ్లాసుల నీళ్లే తాగమన్నారు డాక్టర్లు. నేను సచ్చిపోనానా?”

“ఈ ఒంటితో నీకెందుకక్కా ఇయ్యన్నీ? వేసవి మాట ఎవరు సూడొచ్చారు?”

“అప్పటికి నేనుండనని నోరిప్పి అనీ.”

“అలా అన్నేదు.”

“అనుకున్నావు. ఊరంతా అనుకుంటంది. ఆకు దూసీడం అయిపోనాది, ఇంక రేపు దీని మొదట్లో బిందెడు నీళ్లు పొయ్యి. నా ఎదురుగానే పొయ్యి. అది తాగుతుంటే సూత్తాను.”

“నీకు దాహమెయ్యదా?”

“ఎయ్యనీ. మొదటి దండ మాత్రం నీకివ్వను. నా తల్లోనే పెట్టుకుని డయాలసిస్‌కి ఎల్తాను. అక్కడ మంచాల మీదున్నోళ్లందరికీ ఆ వాసన తగలాల.”