మావయ్యా నేనే, అత్తా నేనే

వల్లూరులో నరసక్క టీ అంగడి ముందర బెంచీ మీద దొడ్డయ్య కూర్చున్నాడంటే గ్లాసులో టీ చల్లారాల్సిందే గాని ఆయన మాట ఆగదు. తమ్ముడు తిప్పేశ్ ఎండలో సోలార్ ప్లేట్లు కడుగుతూ కూలిపోయి ప్రాణం వదిలి నెల కూడా కాలేదు. అయినా ఆయన కోతలు తగ్గలేదు సరికదా, ఇంకా పెరిగాయి. ఆ సాయంత్రం సోలార్ పార్కులో డ్యూటీ దిగి వచ్చిన సెక్యూరిటీ హనుమంతరాయ ఉండబట్టలేక అడిగాడు.

"ఏం దొడ్డన్నా, తిప్పేశు సంగతి మీ యమ్మకు ఇంగా తెలీదా?"

"నేను తెలియనిస్తే గదప్పా తెలిసేకి! కండ్లు అగపడవు మా యమ్మకు. ఆ పొద్దు మంగళవాడలో మా పిన్నమ్మ ఇంట్లో ఉండె. వాన్ని మట్టి చేసేది అయిపోయినాంక ఆమెను పిల్చుకొనొస్తి. దినామూ పొద్దుగూకితే తిప్పేశు మాదిరి ఇంట్లోకి పోతా, తిప్పేశు గొంతుతో మాట్లాడతా, ఆమె సంగటి తింటాది. చిన్న పనే అనుకో. వాడు లేడని తెలిస్తే ఆ ముద్ద గొంతు దిగుతాదా? మా యమ్మ బతకాల, నాకు కావాల్సింది అంతే. ఈ విద్య యాడిది అంటావా, బెంగళూరుది. కన్నడ టీవీలో ఆ నవ్వుల సీరియల్ వస్తాండ్లేదా, ఏండ్ల తరబడి, అది నడిపింది ఎవురనుకున్నావు?"

"నువ్వు ఆడ కుర్చీలు మోసినావని గదన్నా విన్నది?"

"మోసినా. మోయలేదని ఎవురన్నారు? ఒగ దినం కుర్చీ నెత్తిన పెట్టుకొని పోతాంటే మావయ్య వేషం వేసేటాయన అలిగి వెళ్ళిపాయ. డైరెక్టరు తల పట్టుకొని నా తట్టు చూసినాడు. మీసం అతికిచ్చినారు, మాట్లాడితి. కింద అక్షరాలు వేస్తారు చూడు, ఇకమీదట మావయ్య పాత్రలో ఫలానా అని, అది గూడా వేసేపని లేకపాయ! ఒగ వేళ వేసినా ఏమైతాదప్పా? నాలుగు దినాలు జనం గొణుగుతారు, ఆ తర్వాత మావయ్య అంటే మల్ల మావయ్యే. ఇంట్లో కూతురు గూడా ఏం నాయనా మొగం మారిందే అని అడగదు.

ఆ తర్వాత ఏమైందో తెలుసా? అత్త వేషం ఆమెకు వేరే సీరియల్లో పిలుపొచ్చింది. చీర నేనే కట్టుకుంటి. సోఫాకు ఈ పక్క కూర్చొని మావయ్యనై తిట్టేది, లేసి ఆ పక్కకు ఉరికి అత్తనై ఏడ్చేది. ఒగసారి తిట్టు గట్టిగా తగిలె చూడు, రెండు దినాలు నాతో నేను మాట్లాడలే!"

బెంచీ మీద వాళ్ళు నవ్వారు. నరసక్క మాత్రం నవ్వలేదు.

"నవ్వండప్పా, నవ్వండి. ఆ సీరియల్లో వెనక నుంచి నవ్వులు వినపడతాయే, అవీ నావే. అల్లుడు పోయినాడు, అల్లుడు నేనే. కూతురు పోయింది, కూతురూ నేనే. పెండ్లి ఎపిసోడు వచ్చె. పెండ్లికొడుకునై తాళి ఎత్తుకుంటి, పెండ్లికూతురునై తల వంచితి, అయ్యవారినై మంత్రం చదివితి, అక్షింతలు ఏసినోల్లంతా నేనే. ఇంట్లో కుక్క చచ్చిపోతే అదీ నేనే. అల్లున్ని కరిస్తి. సూది ఏసిన డాక్టరు ఎవురు?"

"నువ్వే!" అన్నాడు హనుమంతరాయ.

"ఇంగ అసలుది విను. తాత వేషం వేసే పెద్దాయన నిజంగానే కాలమైపాయ. అందరూ ఏడుస్తాండ్రి. ఏడుపు ఆపండి, తాతకు ఈ పొద్దు డైలాగు ఉండాది అనె డైరెక్టరు. వేస్తి. ఆడ ఏమైందో తెలుసా? యముడు పాశం ఎత్తుకొని ఆ పెద్దాయన్ని పైకి పిల్చుకొని పోతా పోతా దావలో ఒగ ఇంటి కిటికీలో టీవీ చూసినాడు. తాత సోఫాలో కూర్చొని కాఫీ తాగుతాండాడు. ఇదేందిరా, ఈయన బతికుండాడే, నేను తప్పు మనిషిని తెస్తినే అని గాబరాపడి, ఆ ప్రాణాన్ని తెచ్చి మల్ల ఆ ఒంట్లో పెట్టిపాయ! చితి మీద నుంచి లేసి వచ్చినాడప్పా పెద్దాయన, నా చేతులు పట్టుకున్నాడు. ఆ పొద్దు నుంచి, నేను ఎవురి వేషం వేస్తే వాల్లు చావరు. చావనీను."

ఎవరూ నవ్వలేదు. హనుమంతరాయ గ్లాసు కింద పెట్టాడు. "అన్నా, తిప్పేశును నేనే గదా మోసుకొచ్చింది..."

"తిప్పేశు చావలేదప్పా!" దొడ్డయ్య గొంతు పెంచాడు. "నేను వేస్తాండాను గదా. సాయంత్రం అయితే వాడు ఇంట్లో ఉండాడు. మా యమ్మకు కొడుకు ఉండాడు. ఒగ్గ మాట తప్పు పోలే, ఆమెకు ఒగ్గ అనుమానం రాలే. పోయి అడుగు!"

నరసక్క గ్లాసులు కడగడం ఆపి చేతులు కొంగుకు తుడుచుకుంది. రోజూ మధ్యాహ్నం పోయి దొడ్డయ్య తల్లి ఓబక్కకు తల దువ్వేది ఆమే.

"మీ యమ్మకు మొదటి దినమే తెలిసిపాయ దొడ్డయ్యా."

"ఏం తెలిసింది?"

"తిప్పేశు పుట్టినకాడ్నుంచి వాకిట్లో కాలు పెడితే 'ఆకలి, పెట్టు' అనేటోడు. నువ్వు వాని గొంతు పెట్టి, 'తిన్నావామా' అని అడిగితివంట. అట్ల అడిగేది నా పెద్దోడు ఒగడే నరసక్కా అనె నాతో."

"మరి సంగటి ఎందుకు తింటాది?"

"ఆమె తినకుంటే నువ్వు తినవని."

"ఏమీ అడగదే నన్ను..."

"నిన్ను ఎట్ల అడుగుతాది? పెద్దోడు యాడ అంటే షూటింగుకు పోయినాడని తిప్పేశు గొంతుతో నువ్వే చెప్తివంట గదా. నిన్న నా చెయ్యి పట్టుకొని ఏమనిందో తెలుసా? 'నా చిన్నోడు పోయినాడు, నేను ఏడ్వాల. ఏడ్చేకి పెద్దోడు పక్కన ఉండాల గదా. వాడేమో దినామూ చచ్చినోడై వస్తాండాడు. నేను ఎవురిని పట్టుకొని ఏడ్వాల నరసక్కా' అనింది."