శనివారం కోల్బీని ఆడించకండి

ఇవాళ మార్చి పన్నెండు, బుధవారం. పొద్దున్నే కుర్చీలు వేయించాం, కాఫీ కాచాం, కోచ్ ఫొటోని స్కోరుబోర్డు కింద నిలబెట్టాం. పనులన్నీ అయిపోయాయి. ఇక మాట్లాడటమే మిగిలింది. అదే నాకు చేతకావడం లేదు.

అర్లీన్ గారూ, ఊరి పెద్దలారా, పిల్లలారా. నేను మార్లాని, కోల్బీ తల్లిని. అర్లీన్ గారూ, మీ ఆయన, మా అందరి బాస్కెట్‌బాల్ కోచ్, వెండెల్ స్ట్రాట్‌మన్ గారు ఆదివారం తెల్లవారుజామున గుండె ఆగి వెళ్ళిపోయారు. ఆట లేకుండా ఈ హైస్కూలు జిమ్ ఇంతగా నిండటం ఎప్పుడైనా చూశామా?

ఆయన ఏ కుర్రాణ్ణీ నొప్పిగా ఉందా అని అడిగేవారు కాదు. "అడిగితే కాలు విరిగినా బాగానే ఉందంటారమ్మా ఈ వెధవలు. బూటు లేసు కట్టుకునేటప్పుడు చూడాలి. అక్కడ అబద్ధమాడలేరు" అనేవారు. ఆటకు ముందు ఓ మూల నిలబడి, వంగిన ఒక్కొక్క వీపునూ చూసేవారు.

అలా చూసే, ఒక ఏడాది చుట్టుపక్కల ఊళ్ళ సెక్షనల్ పోటీ ఫైనల్లో మన జట్టు మేటి ఆటగాడు నోలన్‌ని బెంచీ మీద కూర్చోబెట్టారు. వాడి మోకాలు వాచింది. ఒక్క పాయింటుతో ఓడిపోయాం. తెల్లారేసరికి ఆయన ఇంటి ముందు గడ్డి నిండా 'ఈ ఇల్లు అమ్మబడును' బోర్డులు. ఓడిన కోచ్‌కి మన ఊరు చేసే మర్యాద అది. ఆయన ఏం చేశారు? బోర్డులు పీకి, ఆ కర్రలకు టమాటా మొక్కలు కట్టారు. ఆ వేసవిలో ఇంటింటికీ బుట్టతో వచ్చారు. "మీ కర్రలకే కాశాయి, తినండి" అన్నారు. తిన్నాం. సిగ్గుపడ్డామా?

మొన్న శనివారం సెక్షనల్ ఫైనల్లో మావాడి తల నేలకు కొట్టుకుంది. లేచాడు, నవ్వాడు, ఊడిన లేసు కట్టుకోబోయాడు. వేళ్ళకు లేసు దొరకలేదు. గెలుపు ఎటో తేలని చివరి నిమిషాల్లో కోచ్ వాణ్ణి బయటికి తీసేశారు. "కప్పు వచ్చే ఏడాదైనా వస్తుంది. తల రాదు" అన్నారు. ఎలాగో గట్టెక్కాం. తెల్లారేసరికి ఆయన లేరు.

అప్పటి నుంచీ వింటున్నాను. "కోచ్ కోసం ఈ శనివారం పై మెట్టు, రీజినల్ కప్పు కొట్టాలి." "మీవాడు లేకపోతే మనకు గుండుసున్నాయే, మార్లా." "పక్క ఊళ్ళో ఆడొచ్చని సంతకం పెట్టే డాక్టరున్నాడు, నేను మాట్లాడతాలే." సూపు గిన్నె పట్టుకుని మావాణ్ణి పరామర్శించడానికి వచ్చినవాళ్ళ మాటలివి. చివరికి మావాడూ అదే అంటున్నాడు. "ఆయన కోసం ఆడతానమ్మా." నేనేం చెప్పను? తల్లి మాట ఏ కుర్రాడు వింటాడు? వాడు వినే మనిషి ఒక్కరే ఉండేవారు.

రస్ గారూ, నిన్నటిదాకా మీరు ఆయనకు సహాయకులు. ఇప్పుడు జట్టు మీ చేతిలో ఉంది. మీ ఇంటి ముందూ బోర్డులు లేస్తాయి, నాకు తెలుసు. అయినా మీ కాళ్ళు పట్టుకుని అడుగుతున్నాను. ఆయన పేరు చెప్పి నా కొడుకుని ఆడించకండి.

ఇక అందరూ లేచి నిలబడండి. ఒక్క నిమిషం. ఆయన పేరుతో కేక వేయకండి, చప్పట్లు కొట్టకండి.

కోల్బీ, నువ్వు కూర్చునే ఉండు నాన్నా. లేస్తే నీకు కళ్ళు తిరుగుతాయి.