నతానియేలు ఎవరని అడిగితే

1983. ఆళ్లగడ్డలో ఓ శిల్పి కొట్టం. తలగుడ్డ ముఖం మీదికి లాక్కున్న ఒకాయన బేతంచెర్ల బండ ఎంచుకుని, సమాధికి పేరు చెక్కమన్నాడు. శిల్పి సుద్దముక్క తీశాడు.

“ఏం పేరప్పా?”

“నతానియేలు.”

“బాంబుల నతానియేలా? సచ్చినాడా వాడు?”

“కాదు. అదే ఊళ్లో అయ్యవారు. చాగలమర్రి కాడ బడిలో చదువు చెప్పేటోడు.”

“కుంటి సారా? కాలు ఎట్ల ఇరిగిందో ఎవురికీ చెప్పలేదంట గదా.”

“పదేండ్ల కింద ఒక ఆదివారం పోలీసోళ్లు చర్చిలోకొచ్చి, ఈడ నతానియేలు ఎవడ్రా అని అడిగినారు. ఆ బాంబులోడు కూతురి బాప్తిస్మానికని వచ్చి, బిడ్డనెత్తుకోని వెనక వరసలో ఉండాడు. ముందు వరసలో సారు లేసి, నేనే అన్యాడు.”

“అబ్బా! ఏం గుండెప్పా ఆయనది! కొట్టినారా?”

“నాలుగు దినాలు. అప్పుడే కాలు ఇరిగింది. రెండో నతానియేలు సంగతి మాత్రం నోరిప్పలా.”

“ఎవురికీ చెప్పంది నీకెట్ల తెలుసు?”

“ఆ పొద్దు బిడ్డ నా చేతుల్లోనే ఉన్నింది.”

శిల్పి కొట్టం వాకిలికేసి చూశాడు. గొంతు తగ్గించి అడిగాడు.

“ఇంకేం రాయమంటావన్నా?”

“పేరు కింద ‘సారు’ అని పెద్దగా చెక్కు. ఆడ పండుకునింది నేనని ఎవురూ అనుకోగూడదు.”