జడ కింద కేక

నాంచారమ్మ కేక తప్పింది, జడ చిక్కుపడింది. అదీ తిరునాళ్లలో, నాలుగూళ్ల జనం చూస్తా ఉండగా. జడకోలాటం మీరు చూసే ఉంటారు. పందిరి వాసానికి రంగుతాళ్లు కడతారు, ఒక చేత తాడు, ఒక చేత కర్ర పట్టుకుని ఆడోళ్లు ఒకళ్ల పక్కనించి ఒకళ్లు దూరిపోతా ఆడతంటే పైన తాళ్లన్నీ జడలాగా అల్లుకోవాల. మళ్లీ ఎనక్కి ఆడితే అల్లిందంతా విడిపోవాల. ఎప్పుడు దూరాలో, ఎప్పుడు తిరగాలో ఒకళ్లు కేకెయ్యాల. ఆ కేక నాంచారమ్మది. ఊళ్లో ఆడోళ్లకి కర్ర పట్టడం నేర్పిందే ఆమె అనుకో, ఇక కేక ఇంకోళ్లకెందుకిస్తది? తాడు పట్టుకుని తనే ఆడతది, తనే కేకేస్తది, ఎవరి అడుగు తప్పిందో తనే చూస్తది, నవ్వేవాళ్లని తనే గదమాయిస్తది. ఆరోజు ఏమైందంటే, మద్దెల వాయించే ఆదెయ్య దరువు జారినట్టనిపించి అతనికేసి గుడ్లురిమిందంట. ఉరిమేలోపల 'తిరుగు' అనాల్సిన చోటు దాటిపోయింది. సగంమంది తిరిగారు, సగంమంది తిరగలా. విప్పబోతే ఇంకా బిగిసింది. పొరుగూరి ముసలామె ఒకతె ఊరుకుంటదా? 'జడెయ్యమంటే పీటముడేశారేందమ్మా!' అందంట. జనం ఒకటే నవ్వు.

ట్రాక్టర్లో తిరిగొస్తా 'అంతా ఈ ఆదెయ్య వల్లే' అంది నాంచారమ్మ. ఆదెయ్య పడతాడా? 'కేకన్నా చూసుకో వదినా, మమ్మల్నన్నా చూసుకో. రెండు పడవల మీద కాళ్లెందుకు? కేక మన తిరపతమ్మకియ్యగూడదా?' అన్నాడంట. తిరపతమ్మంటే ఎవరో కాదు, నాంచారమ్మ తోడికోడలే, చిన్నది. నెమ్మదైన మనిషి, గొంతు మాత్రం గంట. ట్రాక్టర్లో ఉన్న ఆడోళ్లలో ఒక్కళ్లన్నా 'వద్దులే' అనాల గదా? అనలా. అందరూ రోడ్డుకేసి చూస్తా కూర్చున్నారంట. అదీ మండింది ఆమెకి. ఇంటికొచ్చాక మొగుడు కూడా 'పోనీ ఇచ్చి చూడరాదా' అన్నాడు. 'ఇస్తా. ఇయ్యాల కేకిస్తా, రేపు నా పొయ్యిస్తా, ఎల్లుండి నిన్ను కూడా ఇస్తా, పో!' అందంట. ఇక ఆ పొద్దు నించి తిరపతమ్మ ఏం చేసినా కంటగింపే. ఆ పిల్ల పెరట్లో కోడిని తోలితే ఈమెకి ఒళ్లు మండేది. 'కోడిని తోలడానిక్కూడా రాగమెందుకే?' అని దెప్పేది. 'నేనేం చేశానక్కా' అని ఆమె నిదానంగా అంటే, ఆ నిదానం చూసి ఇంకా మంట.

ఆఖరికి ఒకటి ఆలోచించింది. ఇస్తే పోలా, ఒక్కసారి చెడగొట్టిందంటే అందరి నోళ్లూ మూతపడతయ్ అనుకుంది. కళ్లంలో తాళ్లు కట్టించి, తన తాడు ఇంకొకామెకిచ్చి, 'కెయ్యవే కేక, రెండు జడలు అల్లించు' అందంట. అన్నిట్లోకీ కష్టమైంది అదే అనుకో. తను గట్టు మీద కూర్చుంది, ముడెప్పుడు పడుద్దా అని. పడలా. తిరపతమ్మ కేక దరువు కంటే రవ్వంత ముందే వస్తంది, ఆడోళ్లు చేపల్లాగా జారిపోతన్నారు. నాంచారమ్మ చూపు తిప్పుకోలేకపోయిందంట. ఏం చూస్తందీ అంటే, జడ. ఎర్రతాడు మీదికి పచ్చతాడెక్కి కిందకి దిగతా ఉంది. ఇన్నేళ్లూ దాని కిందే ఉంది గానీ, అది అల్లుకునేటప్పుడు ఎట్టా ఉంటదో ఆమె ఎప్పుడు చూసిందీ? ఇంకోటి కూడా కనపడింది. పొడుగు రోశమ్మ పెద్దపెద్ద అంగలేస్తంది, ఆమె తాడు వదులైపోయి జడ ఆ పక్కకి వాలతంది. ఇన్నేళ్ల నించీ వాలతానే ఉంది, ఎందుకో ఎవరికీ తెలవదు. 'రోశమ్మా, అంగ తగ్గించవే!' అని గట్టు మీద నించి అరిచింది. జడ నిటారుగా దిగింది. నాంచారమ్మ లేచి చీర దులుపుకుని 'ఇకనించి కేక తిరపతమ్మది. నేను బయటుండి చూస్తా' అందంట, మొహం వేపకాయ నమిలినట్టు పెట్టి.

మళ్లీ తిరునాళ్లొచ్చింది. అంత జనాన్ని చూసేసరికి తిరపతమ్మకి సరిగ్గా తిరిగే చోట ఊపిరి అందలా. నోరు తెరిచింది, మాట రాలా. ఆడోళ్లందరూ నాంచారమ్మకేసి చూశారంట. ఆ మాట ఆమె నాలిక చివరే ఉంది. అన్నదంటే చాలు, కేక మళ్లీ తనదే. ఆమె ఏం చేసిందీ? కొంగు నోట్లో కుక్కుకుంది. అప్పుడు తిరపతమ్మే 'తిరుగు!' అంది, ఆలస్యంగానే. జడలో ఒక మెలిక వంకరపోయి, ఆ కింద నించి సర్దుకుంది. ఆ వంకర చూసి నాంచారమ్మకి లోపల కాస్త చల్లబడిందంట, అబద్ధం నేనెందుకు చెప్పాల? అసూయ ఏడకి పోద్దమ్మా, మనిషితోపాటే అన్నం తింటది. ఆట అయిపోంగానే తోడికోడల్ని పక్కకి పిలిచి 'ఆ చోట ఊపిరి ముందే తీసుకోవే మొద్దూ' అందంట. తరవాత కాళ్లాడినన్నేళ్లూ తిరునాళ్లకి పోతానే ఉంది. తిట్టింది, దెప్పింది, అంగలు సరిచేసింది. కేక మాత్రం మళ్లీ వెయ్యలా.