కుంటుతూ ఇంకోసారి

"అట్ల కాదన్నా, ఇంగ రవ్వంత కుంటల్ల. వాకిట్లో నుంచి మగ్గం దాకా మళ్ళా నడిచి రా."

"నాకుండే కుంటంతా కుంటితి కదప్పా నాగేషూ. ఇంగ యాడ నుంచి తేవల్ల?"

ధర్మవరంలో చంద్రమోహన్ ఇంటి ముందుగది అది. పదకొండేళ్ళు బెంగళూరు, గోవా క్లబ్బులకు ఫుట్‌బాల్ ఆడి, మోకాలు పోగొట్టుకుని వచ్చి, ఇప్పుడు ఆటో తోలుకుంటున్న మనిషి అతను. భార్య హేమావతి మగ్గం మీద ఉంది. హిందూపురం నుంచి కెమెరా, లైటు మోసుకొచ్చిన యూట్యూబ్ చానల్ నాగేష్ మాత్రం, కుర్చీ మొదలుకొని కన్నీళ్ళ దాకా ఆ ఇంట్లో ఉన్నవన్నీ తన సొంతమన్నట్టు సర్దుతున్నాడు.

"వదినా, మగ్గం ఆపు. సౌండు వస్తాండాది."

"ఇప్పుడే కదా నేయమంటివి?"

"అది చూపించేదానికి. ఇప్పుడు అన్న మాట్లాడల్ల."

"ఆపుతాలే. పోయేలోగా నీ లైటు రవ్వంత మగ్గం తట్టు తిప్పి పోప్పా, బాగుండాది ఆ వెలుతురు."

"తిప్పుతాలే వదినా. అన్నా, చెప్పు. ఎన్ని గోల్స్ వేసినావు?"

"నాలుగు."

"నలభైయా?"

"నాలుగప్పా. నాది మిడ్‌ఫీల్డు. మధ్యలో ఆడేవాణ్ని. గోల్ వేసేది ముందరుండేటోళ్ళు. వాళ్ళకు బంతి అందిచ్చేది నా పని."

"పదకొండేండ్లకు నాలుగేనా? అది వద్దులే. పేదరికం చెప్పు."

"ఏం పేదరికం? ఇల్లుండాది. ఆటో ఉండాది."

"ఆటో ఉండాది, తోలే కాలు యాడుండాదయ్యా? బ్రేకు తొక్కలేక నెలలో సగం దినాలు వాకిట్లోనే నిలబెడ్తాండావే, అది చెప్పు."

"గమ్మునుండు హేమా."

"నేనేల గమ్మునుండల్ల? ఈ ఇంట్లో పొయ్యి వెలిగేది నీ ఆటతోనా, నా మగ్గంతోనా?"

"బాగుండాది వదినా, అట్లే మాట్లాడు! అన్నా, లేపాక్షి తట్టు కబడ్డీ ఆయప్ప వీడియో చూసినావు కదా? మేము పెట్టిన వారానికే స్పోర్ట్స్ ఆఫీసు పైవాళ్ళ నుంచి ఫోన్ వచ్చె. ఇప్పుడు ఆయప్ప కోచ్. పెనుకొండ గ్రౌండుకు గూడా ఒక కోచ్ కావల్లంటాండారు."

"పెనుకొండలోనా? ఆ గ్రౌండులోనే అబ్బా నేను నేర్చుకునింది. నిజంగా కావల్లంటాండారా?"

"నిజమే. జనం చూస్తేనే కదా పైవాళ్ళు ఫోన్ చేసేది. మోకాలు ఎట్ల పోయిందో చెప్పు."

"ఆడుతాంటే తిరుక్కునింది. ఆపరేషన్ చేయల్లని క్లబ్ డాక్టరు చెప్పె. ఊరికి వస్తి. ఈమె నాయన ఒప్పుకోలా. నరం కోస్తే కాలు చచ్చుపడతాదని చెప్పి, కనగానపల్లి తట్టు ఒకాయనతో ఆకుపసరు పోయించి కట్టు కట్టించినాడు. మూడు నెలలు మంచం మీదే. కట్టిప్పేతలికి మోకాలు మడత పడలా."

"మా నాయన పేరెత్తద్దు! కాళ్ళూ చేతులూ కట్టేసి తీసుకపోయినాడా నిన్ను? కత్తంటే భయపడి పోతివి నువ్వు."

"భయమా? నీ నాయన నా కాలికి కట్టు కట్టలేదు, పాడె కట్టినాడు."

"సచ్చిపోయినోణ్ని తిడ్తాండావే, సిగ్గుందా నీకు?"

"అబ్బబ్బా, వదినా, కెమెరా అటు తిప్పేలోగానే అనేస్తివి. అదే మాట ఇంగోసారి. సచ్చిపోయినోణ్ని అనేటప్పుడు రవ్వంత ఏడువు."

"నేను ఏడవనప్పా. నాకు ఏడుపు రాదు."

"సరే, అన్న ఏడుస్తాడు. అన్నా, మమ్మల్ని ఆదుకోండి అని చేతులు జోడించు."

"జోడిస్తా. కుంటమంటే కుంటుతా, ఏడవమంటే ఏడుస్తా. ఒకటే చేయల్ల నువ్వు. ఫైనల్లో నేనిచ్చిన పాసు గురించి నీ వీడియోలో పెట్టల్ల. అది పెడితేనే."

"పాసా? సరే, బిరీన చెప్పు."

"గోవాలో ఫైనల్. వాన. గ్రౌండంతా బురద. ఇంగ ఐదు నిమిషాలే ఉండాది. బంతి నా కాడికి వచ్చె. ఎడమ పక్క మావాడొకడు చేయెత్తి అరుస్తాండాడు. అందరూ ఆ తట్టే చూస్తాండారు. నేనూ ఆ తట్టే చూస్తి. చూస్తానే బంతిని కుడి పక్కకు తోస్తి. ఆడ ఎవురూ లేరు, ఉట్టి బురద. ముందరాడే జోసెఫ్ ఆడికి వస్తాడని నాకు తెలుసు. వాడు అరవలా, నేను చూడలా. వచ్చినాడు. కొట్టినాడు. కప్పు మాదే."

"టీవీలో వచ్చిందా?"

"జోసెఫ్ చొక్కా ఇప్పి పరిగెత్తింది వచ్చె. నా కాలు మాత్రం రవ్వంత కనపడె. దేశంలో ఎవురికీ తెలీదు అది నా పాసని. జోసెఫ్ ఒక్కడే వచ్చి, వంగి నా బూటు ముట్టుకొని కండ్లకద్దుకున్నాడు. నా బతుకుకంతా అదొక్కటే అబ్బా. అది ఉంటే చాలు నాకు."

"ఇది నాకెప్పుడూ చెప్పలేదే నువ్వు?"

"నువ్వెప్పుడు అడిగితివి హేమా?"

"సూపరన్నా! నీళ్ళు గూడా బాగ పడినాయి కండ్లల్లో. ఇంగ ఒక్క ఫోటో. ఇదో, ఇది పట్టుకో."

"ఏంది ఇది?"

"బ్యాటు."

"బ్యాటేంటికప్పా?"

"వీడియో మీద పెద్దక్షరాలు పెడ్తాం కదా. ఒకప్పుడు క్రికెట్ స్టార్, ఇప్పుడు ఆటో డ్రైవర్ అని. ఫుట్‌బాలంటే మన తట్టు ఎవురూ వీడియో నొక్కరన్నా."

"నేను జన్మలో క్రికెట్ ఆడలా!"

"జనాలకు తెలుసా? ఫోన్ వచ్చినాక ఫుట్‌బాలని నువ్వే చెప్పుకో."

"మరి నా పాసు?"

"తీసేస్తాలే. క్రికెట్లో పాసెట్ల పెట్టేది?"

"లెయ్! లేసి బయటికి పో! ఇంగొక మాట మాట్లాడితే నీ కెమెరా పగలగొడ్తా. హేమా, ఆ బ్యాటు ఈదిలోకి ఇసిరెయ్!"

"ఇసరను. నువ్వు పట్టుకో."

"నువ్వు గూడానా?"

"ఈ అంచులో యాడో పోగు తెగిండాది. యాడుండాదో నాకు కనపడదు. ఏడాదైంది, దారం కనపడక వేలితో తడుముకొని నేస్తాండా. మొన్న నేసిన చీరను షావుకారు తిప్పి పంపినాడు. ఇంగొకటి చెడిపోతే మగ్గం ఎత్తేయమన్నాడు."

"నాకేల చెప్పలా?"

"నువ్వెప్పుడు అడిగితివి? ఆ జోసెఫ్ అరవలేదు, నువ్వు చూడలేదు, అయినా వానికి బంతి ఇస్తివి. నేనూ అరవలేదయ్యా ఇన్నాళ్ళు."

"అన్నా, పొద్దు పోతాండాది. పట్టుకుంటావా, సర్దుకొని పోమంటావా?"

"ఇట్లియ్యప్పా. యా పక్క పట్టుకుంటారు దీన్ని?"