ఫైటర్‌కి తోడు

అక్వేరియం చేపల కొట్లో ఆమె చాలాసేపు తచ్చాడింది.

“మా తొట్టి చిన్నదండీ. మొక్కల మధ్య ఒక్కటే ఫైటర్ చేప. దానికి తోడు ఏవి పడతాయి?”

“పెద్ద తోకలవి వద్దమ్మా, చీల్చి పెడుతుంది. అడుగున తిరిగే ఈ సాధు చేపలు పట్టుకెళ్ళండి.”

“కొత్తవాటిని రానిస్తుందా?”

“ముందు మొక్కలు పీకి, చోట్లు మార్చి నాటండి. తన మూల ఏదో తెలియకపోతే అంతగా పోట్లాడదు.”



“అవి కదపలేనండీ. మా ఆయన మొదటి భార్య నాటినవి. ఆవిడ పోయాక తొట్టి వాళ్ళ పాపే చూసుకుంటోంది. నేనొచ్చి నెలవుతున్నా నాతో మాట కలపలేదు. చేపలు చూస్తేనైనా కలుపుతుందనుకున్నా.”

కొట్టతను చేతిలో వల దించాడు.

“మరి చేపలు?”

“వద్దులెండి. ఆ మొక్కల ఆకులు పసుపు తిరుగుతున్నాయి. వాటికేదైనా ఎరువుంటే ఇవ్వండి.”